పుచ్చు వంకాయ

రేపల్లె, శుక్రవారం

స్నేహలత మేడమ్ గారికి నమస్కారాలండి.

హెచ్ఐవి ఉన్న ఒంట్లో కణాలు కోసిన వంకాయ నల్లబడ్డట్టు కమిలిపోతుంటాయని, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారని తెనాలి ఆసుపత్రిలో మీరు చెప్పారు. అది తగ్గడానికి మాత్రలతో పాటు ఉసిరి, జామ తినమన్నారు. మాత్రల డబ్బా అమ్మ కంట పడుతుందన్న భయంతో నేను అవి మానేసి, ఉసిరికాయలే తింటున్నానండి. ఇరవై రోజులైంది.

నిన్న అమ్మ వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేస్తూ, ఒక పుచ్చు వంకాయను పక్కన పడేసింది.

"అదీ నీళ్ళలో వేస్తే నల్లబడదుగా అమ్మా?" అన్నాను.

"నలుపు ఆగుద్ది. లోపలి పురుగు ఎట్టా చస్తదే?" అంది.

సోమవారం వస్తానండి. ఎంతైనా తిట్టండి, మాత్రలు మాత్రం మళ్ళీ ఇప్పించండి.

అమ్మకి ఇంకా చెప్పలేదు. నేనడిగింది వంకాయ గురించేననుకుంటోంది.