ముక్కు తాళం

కాన్సాస్ నుంచి,
జూన్ 28.

ప్రియమైన ఆగనేటా అక్కకి,

చెల్లెలు యుస్టీనా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. మేమిద్దరం కులాసా. నువ్వు, బావగారు, పిల్లలు, అక్కడి ఆవులు అందరూ బాగుండాలని కోరుకుంటున్నాను.

నా రాత చూసి నవ్వకక్కా. బడి మానేశాక దుప్పటి అంచుల మీద పేర్లు కుట్టడం తప్ప నేను రాసిందేమీ లేదు. తప్పులు నువ్వే దిద్దుకుని చదువుకో. అక్షరాలు పక్కకి వాలుతున్నాయేమో, కాగితం ఒళ్లో పెట్టుకుని రాద్దామంటే పొట్ట అడ్డమొస్తోంది.

పోయినేడు మా ట్రైలర్ ఇల్లు దొంగలెత్తుకుపోయిన సంగతి నీకు తెలుసు. కొట్టు ముందు ఆపి పిండీ చక్కెరా కొనుక్కుని వచ్చేసరికి ఎవడో తన బండికి తగిలించుకుని పోయాడు. పొయ్యి, జనరేటర్, పరుపులు అన్నీ పోయాయి. నీ మరిది వాటిని పట్టించుకోలేదు. అమ్మ కుట్టి ఇచ్చిన చిన్న బట్టల పెట్టె అందులో ఉంది. నెబ్రాస్కా దారిలో మాకు దక్కకుండా పోయిన బిడ్డ కోసం కుట్టినవి. బిడ్డనీ కాపాడలేకపోయాను, బట్టల్నీ కాపాడలేకపోయాను అని ఆ రోజు అన్నాడు.

ఈ ట్రైలర్ పాతదే అయినా దీనికున్న తాళాలు బ్యాంకుకి కూడా ఉండవు. చక్రానికి ఇనప పట్టా వేశాడు. గ్యాస్ సిలిండర్లకీ జనరేటర్‌కీ గొలుసు. మడత కుర్చీలకి కూడా గొలుసే. ప్రతి వస్తువు అడుగునా తన లైసెన్సు నంబరు చెక్కాడు, పెనాన్ని కూడా వదల్లేదు. ఊరూరా తిరిగి గోధుమ కోసే మా జట్టుకి వంట చేసే సారా పిన్ని అది చూసి, ఒరే కొర్నీ, పెళ్లాం వీపు మీద కూడా చెక్కావా, లేక ఆమెని ఎవరూ ఎత్తుకుపోరని ధైర్యమా అంది. అందరూ నవ్వారు. నేను సిగ్గుతో లోపలికి పారిపోయాను. ఈయన మాత్రం నవ్వకుండా, ఆమెకి నేనే గొలుసు పిన్నీ అన్నాడట.

అన్నిటికన్నా పెద్దది ముక్కు తాళం. బండికి తగిలించే ట్రైలర్ ముక్కు మీద వేస్తారు. అది తియ్యకుండా ట్రైలర్‌ని ఎవరూ లాక్కుపోలేరు. రెండు తాళంచెవులిచ్చి, రంపం అరిగిపోవాలే గానీ అది తెగదని అమ్మినవాడు చెప్పాడట. ఎవరూ లాక్కుపోలేరు అన్నది నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇక్కడ గోధుమ కోత అయిపోవచ్చింది. జట్టు నెబ్రాస్కాకి కదలాలి. అదే దారి అక్కా. ఇక్కడి ఆసుపత్రిలో హెలెన్ అనే నర్సు ఉంది. మన భాష మాట్లాడుతుంది. నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడు దూరం ప్రయాణాలు వద్దమ్మా, కాన్పుకి నా దగ్గరికే రా అంది. ఆ మాట ఈయనకి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. కోతలు మానేస్తే వచ్చే ఏడు జట్టులో చోటుండదు. ఏళ్లు తిరిగి సంపాదించుకున్న చోటు అది. సూపు పెడుతూ నోరు తెరిచేదాన్ని, ఇంకొంచెం ఉప్పు కావాలా అని అడిగి మూసేసేదాన్ని.

చివరికి నోరు పెగల్లేదు గానీ చెయ్యి పనిచేసింది. ముక్కు తాళంచెవి తీసి పిండి డబ్బాలో దాచేశాను.

కదిలే రోజు పొద్దున ఈయన తాళంచెవి కోసం వెతికాడు. పరుపు ఎత్తాడు, చెప్పులు దులిపాడు, బండి సీటు ఊడదీశాడు. పిండి డబ్బా మాత్రం ముట్టలేదు. రెండో చెవి ఏదని జట్టు యజమాని ఫ్రాంజ్ అడిగితే, కోతలో జేబులోంచి జారిపోయింది, గోధుమతో పాటు ఎవరి రొట్టెలోకి పోయిందో అన్నాడు. ఫ్రాంజ్‌కి కోపం వచ్చి, రంపం తెస్తాను, ఒక్క గంటలో కోసేస్తాను అన్నాడు. ఈయన తాళానికి అడ్డంగా నిలబడి, కోస్తే ముక్కే విరుగుతుంది, మీరు వెళ్లండి, తాళం కంపెనీ నుంచి కొత్త చెవి రానివ్వండి అన్నాడు. తాళం వెయ్యడం తెలిసినవాడికి తియ్యడం తెలియలేదని ఎగతాళి చేసి ఫ్రాంజ్ మిషన్లు వేసుకుని వెళ్లిపోయాడు. నీ మరిది దారి వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు పక్కనున్న డెయిరీలో పాలు పితుకుతున్నాడు. నా ముందు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఈ కవరులో గుడ్డలో చుట్టి కుట్టేసినది ఆ చెవే. దగ్గరుంటే ఏదో ఒక రోజు ఏడ్చి ఇచ్చేస్తానని భయం. బిడ్డ పుట్టాక కబురు చేస్తాను, అప్పుడు పంపు. నా మీద కోపం తెచ్చుకోకు. నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ చెల్లెలు,
యుస్టీనా

తా.క. కవరు అంటించబోతూ, రేపు ప్రార్థనకి కావాలని ఈయన నల్ల కోటు దులిపాను. లోపలి జేబులో నేను కుట్టిచ్చిన రుమాలు తగిలింది. విప్పితే, కోతలో జారిపోయిందన్న ఆ రెండో చెవి. తుప్పు పట్టకుండా నూనె కూడా రాశాడు. పిండి డబ్బా ఎందుకు ముట్టలేదో అప్పుడర్థమైంది. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను, బాధతో కాదు. చెవిని మళ్లీ అలాగే చుట్టి అక్కడే పెట్టేశాను. ఆయన చెవి ఆయన దగ్గర, నా చెవి నీ దగ్గర ఉండనీ. నాకు తెలిసిందని ఆయనకి తెలియనివ్వను. ఇందాక డెయిరీ నుంచి వచ్చి మళ్లీ పొయ్యి కింద వెతికాడు. నేను టార్చి పట్టుకున్నాను. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యక్కా.