అక్క పేరున వచ్చిన పొట్టేలు

కెటిల్ లోయ,
జూన్ నెల.

వన్యప్రాణి శాఖ, వేట అనుమతుల విభాగం పెద్దలకు ఆర్లిస్ ట్వేట్ వందనాలు.

పోయిన వారం ఒక ఉదయం గురించి మీకు చెప్పాలి. మామూలు ఉదయమే. కోళ్లకు గింజలు చల్లి వచ్చాను. పొయ్యి మీద ఓట్స్ జావ ఉడుకుతోంది. కాఫీ పొంగింది, తుడిచాను. కిటికీలోంచి చూస్తే కెటిల్ కొండ అంచున మిగిలిన మంచు మీద ఎండ పడుతోంది. కుక్క గడప మీద పడుకుని అటే చూస్తోంది. నా తమ్ముళ్లు ఓరిన్, మెర్ల్ బల్ల దగ్గర తలలు వంచుకుని కూర్చున్నారు. నేను చెప్పకుండానే ప్రార్థన మొదలుపెట్టారని పొంగిపోయాను. తీరా చూస్తే ఫోన్లు చూసుకుంటున్నారు.

మీ వేట అనుమతుల లాటరీ డ్రా ఫలితాలు వచ్చే రోజట.

కెటిల్ కొండ మీది పెద్దకొమ్ముల అడవి పొట్టేలును వేటాడేందుకు ఓరిన్ మీసాలు మొలిచిన ఏడు నుంచీ అర్జీ పెడుతున్నాడు. ఇప్పుడా మీసాలు తెల్లబడ్డాయి. దక్కని ప్రతి ఏడూ మీరు ఒక పాయింటు వేస్తారు. ఓడినకొద్దీ మార్కులు పెరిగే పరీక్ష నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ ఏడు ఆ కొండకు మీరిచ్చిన ట్యాగు, అంటే పొట్టేలును కొట్టే అనుమతి కాగితం, ఒక్కటే.

మెర్ల్ ముందు చూశాడు. చెంచా కింద పెట్టేశాడు.

"వచ్చిందిరా ఓరిన్."

"నాకా?"

"కాదు."

"నీకా?"

"అక్కకి."

"నాకేం వచ్చిందిరా?" అన్నాను. నాకు జబ్బేదో వచ్చిందన్నట్టుగా ఉంది వాళ్ల వాలకం.

ఏటా నా పేరు కూడా వీళ్లే పెడుతున్నారట. ఏటా నేను సంతకం కూడా చేస్తున్నానట. పశువుల టీకాల కాగితం అనుకున్నాను. "ఇంకో పేరుంటే ఇంటికి ఇంకో అవకాశం కదా అక్కా" అన్నాడు మెర్ల్. ఓరిన్ జావ సగంలో వదిలేసి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు.

ఓరిన్‌కు ఈ చలికాలం మోకాలు కోసి కొత్త కీలు వేస్తారు. ఆ తర్వాత ఆ కొండ ఎక్కడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పాడు. వాడికి ఇదే ఆఖరి ఏడు. నేను పార పెట్టి ఒక పామును చంపాను తప్ప జన్మలో వేటాడలేదు. కనుక ట్యాగు మీద నా పేరు కొట్టేసి ఓరిన్ ట్వేట్ అని రాయగలరు.

దేవుడు మీ కార్యాలయాన్ని దీవించుగాక.
ఆర్లిస్ ట్వేట్

తా.క. మార్చడానికి కొత్త కాగితం దండగ. నిన్న టపాలో వచ్చిన పాతదే పంపుతున్నాను. నా పేరు పెన్సిలుతో కొట్టేశాను.

---

అనుమతుల విభాగం,
జూన్ నెల.

ఆర్లిస్ ట్వేట్ గారికి,

మీ ట్యాగును తిప్పి పంపుతున్నాం. పెన్సిలు గీత చెరిపేశాం. దయచేసి ట్యాగుల మీద ఏమీ రాయకండి.

ట్యాగు ఎవరి పేరున వస్తే వారే వాడాలి. తమ్ముడికైనా బదిలీ కాదు. మీరు వద్దనుకుంటే వాపసు తీసుకుంటాం, కానీ అది వరసలో తర్వాతి పేరుకు వెళుతుంది. ఆ పేరు మీ తమ్ముడిది కాదు. చూశాను.

మీ వెంట కొండెక్కడానికి మాత్రం ఎవరికీ అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
కార్లా వెంట్, గుమాస్తా

తా.క. ఇది శాఖ మాట కాదు, నా మాట. నేనూ పెళ్లికి ముందు నుంచి ఆ కొండకే అర్జీ పెడుతున్నాను. చెరిపేముందు మీ ట్యాగును రెండుసార్లు చదివాను.

---

కెటిల్ లోయ,
జులై నెల.

కార్లా గారికి ప్రార్థనలతో,

మీ మాట విన్నాక మోకరించి అడిగాను. నాకెందుకిచ్చావు ప్రభువా, అడిగినవాడు పక్క గదిలోనే ఉన్నాడు కదా అన్నాను. జవాబు రాలేదు. ఆయన ఆఫీసులోనూ పేర్లు మార్చరేమో.

ఓరిన్ నాతో మాట్లాడటం లేదు. కోపం కాదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయం. మెర్ల్ మాట్లాడుతున్నాడు కానీ వాతావరణం దాటి ముందుకు పోవడం లేదు.

ఊరు మాత్రం మారిపోయింది. ఇనప సామాన్ల కొట్టులో మేకులు కొనడానికి వెళితే కొట్టాయన టోపీ తీసి నిలబడ్డాడు. "ఆ కాగితం ఓసారి చూపిస్తారా?" అన్నాడు. చూపించాను. ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. మంగలి షాపులోంచి సగం గడ్డం గీయించుకున్న మనిషి బయటికొచ్చి మరీ చూశాడు. ఆదివారం పాస్టర్ హౌగెన్ నా తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. చెయ్యి కాస్త బరువుగా పడింది. ఆయనా ఏటా అర్జీ పెడతాడని తర్వాత తెలిసింది.

నిజం చెప్పనా? వంట చేస్తూ నేనూ ఈమధ్య కిటికీలోంచి ఆ కొండనే చూస్తున్నాను. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. అంత ఎత్తని తెలీదు.

ట్యాగుతో పాటు "కోత నివేదిక" అని ఒక కాగితం వచ్చింది. నింపకపోతే మళ్లీ ఏ అర్జీ పెట్టనివ్వమని ఎర్ర అక్షరాల్లో ఉంది. మా కోత ఆగస్టులో. అవగానే పంపుతాను.

ఆర్లిస్

తా.క. ఫ్రిజ్ మీద అతికించాను ట్యాగును. మెర్ల్ పాలు తీసుకోవడానికి కూడా ఫ్రిజ్ తలుపు మెల్లగా తెరుస్తున్నాడు.

---

కెటిల్ లోయ,
ఆగస్టు నెల.

కార్లా గారికి,

ఇంట్లో అడుగుదామంటే మాటల్లేవు. మీ ప్రశ్నలకు తోచినట్టు జవాబులు రాశాను.

కోత జరిగిందా? జరిగింది. దేవుడి దయ.
ఎన్ని? లెక్క పెట్టలేదు. కొండ పాదం నుంచి వాగు దాకా ఏదీ మిగల్చలేదు.
ఆడా, మగా? మగవాళ్లు ముగ్గురు, ఆడమనిషిని నేనొక్కదాన్నే.
వయసు? నాకు యాభై ఆరు. తమ్ముళ్లకు కొంచెం తక్కువ. పక్కింటి లిండాల్ ఎప్పుడూ సరిగ్గా చెప్పడు.
దేనితో? పాత యంత్రంతోనే. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, మెర్ల్ తన్నాక నడిచింది.
ఇప్పుడెక్కడ ఉంది? ఇంటి వెనక కొట్టంలో, కప్పు దాకా. లిండాల్ వాటా వాళ్లింటికి చేరింది. చర్చికీ కొంత ఇచ్చాం.

ఆర్లిస్

తా.క. తలను నెలలోగా కార్యాలయానికి తెచ్చి చూపించాలన్నారు. ఈ ఇంటికి తలకాయను నేనే. కోత అలసట తీరగానే వస్తాను.

---

అనుమతుల విభాగం,
ఆగస్టు నెల, అత్యవసరం.

ఆర్లిస్ ట్వేట్ గారికి,

మీ నివేదికను మా విభాగంలో అందరం ఒకరి తర్వాత ఒకరం చదివాం.

వేట కాలం సెప్టెంబరులో మొదలవుతుంది. మీ ట్యాగు ఒక్క పొట్టేలుకు. మీరు కాలం రాకముందే, యంత్రంతో, పొరుగువాళ్లను వెంటేసుకుని, కొండ పాదం నుంచి వాగు దాకా ఏదీ మిగల్చకుండా చంపామని సంతకం పెట్టి పంపారు. ఇన్నేళ్ల నౌకరీలో నేరాన్ని ఇంత ప్రశాంతంగా ఒప్పుకున్న మనిషిని చూడలేదు.

వేట అధికారి ప్రూయిట్ గారు మీ కొట్టం చూడటానికి వస్తున్నారు. ఏదీ కదపకండి.

కార్లా వెంట్

తా.క. చర్చికి కూడానా?

---

కెటిల్ లోయ,
ఆగస్టు నెల.

అమ్మా కార్లా,

ప్రూయిట్ గారు వచ్చారు. పాపం, మరో ఇద్దరు అధికారులను కూడా తెచ్చుకున్నారు. కొట్టం తలుపు తీయమన్నారు. తీశాను. బార్లీ. కప్పు దాకా బార్లీ. ఆయన గుప్పెడు తీసి వాసన చూసి మళ్లీ కుప్పలో పోసేశారు.

"ఇంకేం కోశారమ్మా?"

"బీన్స్ కోశాను. అది కూడా రాయాలా?"

అప్పుడు చెప్పారు, మీ శాఖలో చంపడాన్ని కోత అంటారని. ఎందుకు బాబూ అన్నాను. "వినడానికి బాగుంటుందనమ్మా" అన్నారు. చంపేవాళ్లకు బాగుంటుందేమో.

వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఓరిన్. కొట్టం గుంజ పట్టుకుని నవ్వుతున్నాడు. జూన్ తర్వాత వాడి గొంతు వినడం అదే మొదలు. "అక్కా, వాగు దాకా ఒక్కటీ మిగల్చలేదా?" అంటాడు, మళ్లీ నవ్వుతాడు. కళ్లలోంచి నీళ్లు. మధ్యలో ఎక్కడ నవ్వు ఆగి ఏడుపు మొదలైందో నేను చూడనట్టే ఉన్నాను.

అధికారులకు తీపి ఆపిల్ రొట్టె పెట్టాను. వెళ్లేముందు ముగ్గురూ ఫ్రిజ్ ముందు కాసేపు నిలబడ్డారు.

ఆ సాయంత్రం నుంచి ఓరిన్ నాకు తుపాకీ నేర్పుతున్నాడు.

"ఊపిరి వదిలేశాక మీట నొక్కాలి అక్కా."

"అంటే ప్రార్థన అయ్యాకా?"

"ఆమెన్ దగ్గర."

డబ్బాలు పడుతున్నాయి. పొట్టేలు పడ్డాక దాన్ని మోసుకొచ్చేది మెర్ల్. దారి చూపేది, ఎప్పుడు కాల్చాలో చెప్పేది ఓరిన్. కాగితం మీద పేరు నాది. వేట వాడిది. ఇంతకన్నా నాకు తోచలేదు.

ప్రార్థనలతో,
ఆర్లిస్

తా.క. చర్చికిచ్చిన బార్లీ పాస్టర్ కోళ్లకు.

---

అనుమతుల విభాగం,
సెప్టెంబరు నెల.

ఆర్లిస్ గారూ,

క్షమించండి. మీ పాత నివేదిక రద్దు చేశాం. కానీ మా పై అధికారి దాన్ని పారేయనివ్వలేదు. గోడకు తగిలించారు.

కొత్త కాగితం పంపుతున్నాను. పొట్టేలు పడిన రోజే నింపండి. అది పడ్డాక మీ ట్యాగు పని అయిపోతుంది. జన్మలో ఈ ట్యాగు ఒక్కసారే. మళ్లీ అర్జీ పెట్టడానికి లేదు.

ఏం జరిగిందో నాకు మాత్రం తప్పకుండా రాయండి. శాఖకు కాదు, నాకు.

కార్లా

తా.క. ఆ రోజు ఆఫీసులో మేమెవరం పని చేయం. ముందే చెబుతున్నాను.

---

కెటిల్ లోయ,
సెప్టెంబరు నెల.

అమ్మా కార్లా,

నిన్న వెళ్లాం.

చీకటి విడవకముందే బయల్దేరాం. ఓరిన్ రెండు కర్రలు పట్టుకుని నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగాడు. దృశ్యం చూస్తున్నానన్నాడు. కొన్ని మలుపుల దగ్గర బండ తప్ప చూడటానికి ఏమీ లేదు. నేనూ ఆ బండనే చూశాను. మెర్ల్ "మోసుకెళ్లనా?" అని ఒక్కసారే అడిగాడు. ఓరిన్ చూసిన చూపుకు మళ్లీ అడగలేదు.

అంచు చేరేసరికి ఎండ వచ్చింది. బోర్లా పడుకున్నాం. మొదట చిన్న రాళ్లు దొర్లిన చప్పుడు. తర్వాత అవి వచ్చాయి. వరసగా, తొందర లేకుండా, నిలబడటానికి చోటే లేని చోట నడుచుకుంటూ. అన్నిటికన్నా వెనక పెద్దది వచ్చింది.

దాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొమ్ములు చుట్టు తిరిగి దవడ దాటి ముందుకు వచ్చాయి. కొసలు విరిగి, మొద్దుబారి ఉన్నాయి. ఎన్ని చలికాలాలు ఢీకొట్టిందో. ముక్కులోంచి ఆవిరి. పసుపుపచ్చ కన్ను. మా వంటింటికీ కోళ్లగూటికీ ఉన్నంత దూరం. మమ్మల్ని చూసింది. చూసి, మేము లెక్కలోకి రామన్నట్టు లోయ వైపు తిరిగింది. దాని కాళ్ల కింద మా ఇల్లు, మా కొట్టం, ఊరు, చర్చి గోపురం, అన్నీ కలిపి దాని ఒక్క డెక్కకు సరిపోతాయి. బైబిలు యోబు గ్రంథంలో దేవుడు అడవి జంతువుల గురించి అడిగే ప్రశ్నలు ఎన్నిసార్లు చదివానో. అవి ప్రశ్నలని నిన్ననే తెలిసింది.

ఒక మాట ఉన్నదున్నట్టు రాస్తాను. నేను జాలిపడలేదు. ఆర్లిస్ ప్రార్థన చేసే మనిషి, కాల్చదులే అని ఊళ్లో అందరూ అనుకున్నారు. వాళ్లు పొరబడ్డారు. నా తమ్ముడికి ఆ పొట్టేలు కావాలి. నేను గురి పెట్టాను. ఊపిరి వదిలాను. ఆమెన్ అన్నాను. వేలు మీట మీద ఉంది. ఓరిన్ చెప్పడమే తరువాయి.

ఓరిన్ చెప్పలేదు.

తిరిగి చూస్తే వాడి అరచెయ్యి నా తుపాకీ గొట్టం ముందుకు వస్తోంది.

"చెయ్యి తియ్యరా, పేలుతుంది."

"ఆగక్కా."

"పోతుందిరా అది!"

"పోనీ. ఇంకాస్త చూద్దాం."

మెర్ల్ పక్కనుంచి గుసగుసగా తిట్టాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. పొట్టేలు ఇంకా చాలాసేపు అక్కడే నిలబడింది. ఓరిన్ గడ్డం రాతి మీద ఆనించి, చర్చిలో వాణ్ని నేనెప్పుడూ చూడనంత శ్రద్ధగా చూశాడు. తర్వాత అది ఒక్క గెంతులో, రాళ్లు కూడా కదలకుండా, అంచు దాటి వెళ్లిపోయింది.

దిగేటప్పుడు వాడి మోకాలు వాచింది. ఒక్కసారి కూడా ఆగలేదు.

దేవుడు నిన్ను చల్లగా చూచుగాక.
ఆర్లిస్

తా.క. రాత్రి భోజనాల దగ్గర పెద్ద తగువైంది. "చూడ్డానికి ట్యాగెందుకురా? ఇన్నేళ్ల అర్జీలు చూసి రావడానికా?" అని మెర్ల్ బల్ల గుద్దాడు. "ఆ ట్యాగు లేకపోతే ఈ మోకాలితో నన్ను ఆ కొండ మీదికి మీరెవరైనా పోనిచ్చేవాళ్లా?" అన్నాడు ఓరిన్. మెర్ల్ బల్ల మీంచి చెయ్యి తీసేశాడు. "అది పడితే ఆ రోజుతో అయిపోతుందక్కా. పడకపోతే కాలం ముగిసేదాకా మనదే" అన్నాడు ఓరిన్ నాతో. చివరికి ముగ్గురం కలిసి తీర్మానించుకున్నది ఇది: డాక్టరుకు ఫోన్ చేసి కోతను, అంటే మోకాలి కోతను, వేట కాలం ముగిశాక పెట్టించుకోవాలి. అంతవరకు ఆదివారం తప్ప, ఓరిన్ మోకాలు ఒప్పుకున్న ప్రతి ఉదయం కొండెక్కాలి. తుపాకీ లేకుండా వెళితే ట్యాగు పరువు పోతుందని మెర్ల్ అన్నాడు కనుక తుపాకీ నేను మోస్తాను. తూటాలు మాత్రం ఇంట్లో పిండి డబ్బాలో ఉంటాయి. ఓరిన్ మనసు మారుతుందని కాదు. నా వేలి మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు.