లెక్కలో మిగిలిన రెండేళ్లు

మార్చి 10, 2025. సాయంత్రం 6:20

మనవరాలు ఖ్వేకి బళ్లో విన్ మాస్టారు లెక్క ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లు పుట్టిననాడు బయల్దేరిన వెలుగు ఇప్పటికి ఎంత దూరం పోయి ఉంటుంది? జవాబు పది యొక్క ఘాతాల్లో రాయాలి. దీన్ని బట్టే జిల్లా లెక్కల పోటీ టీమ్‌కి నలుగురిని ఎంచుతారట. పేర్లు 21న వెళ్తాయి. రెండేళ్లుగా దాని చదువంతా ఆ టీమ్ కోసమే.

అమ్మమ్మా, మీకెన్నేళ్లు అంది. డెబ్బై రెండు అన్నాను. దూరం, వేగం, కాలం నాకు కొత్త కాదు. హ్వే ఊరి రైల్వే స్టేషన్‌లో ముప్పై ఏళ్లు టైమ్‌టేబుళ్లు వేశాను. రైలు బదులు వెలుగు, అంతే. సెకనుకు 3 × 10⁵ కిలోమీటర్లు. ఏడాదికి 3.15 × 10⁷ సెకన్లు. అంకెలు గుణించు, ఘాతాలు కూడు అని పక్కన కూర్చుని చేయించాను. 6.804 × 10¹⁴ కిలోమీటర్లు. చేతిరాత బాగాలేదని మళ్లీ రాయించాను.

మార్చి 13

తప్పట.

మార్చి 14. ఉదయం 5:15

రాత్రి ఆల్చిప్పల అన్నం చేసినా ఖ్వే ముట్టలేదు. నోట్‌బుక్‌లో మన జవాబు కింద ఎర్ర గీత. పక్కన మాస్టారి జవాబు, 6.615 × 10¹⁴. ఎలా వచ్చిందో రాయలేదు. మూడుసార్లు గుణించాను. కాలిక్యులేటర్‌తోనూ చూశాను. లీపు సంవత్సరాలు కలిపితే ఇంకా పెరిగింది.

మాస్టారే పొరబడ్డారన్నాను. ఆయన పొరబడరు అమ్మమ్మా అంది. మరి నేనా అన్నాను. నోట్‌బుక్ మూసేసింది.

మార్చి 17

తేడా 1.89 × 10¹³. సరిగ్గా రెండేళ్ల వెలుగు. నా బతుకులో ఏ రెండేళ్లు కొట్టేశారు? నా బుర్రే తప్పుతోందా? ఎవరికీ చెప్పలేదు.

మార్చి 18. ఉదయం 11:00

బీపీ చూపించుకోవడానికి వెళ్లాను. నర్సు కార్డు చూసి 70 అని రాసింది. డెబ్బై రెండమ్మా అన్నాను. 1955 జనవరి 14 అని ఉంది కదా బామ్మగారూ, మీరే పెంచుకుంటే ఎలా అంది. కార్డు వయసు వేరు, ఇంటి వయసు వేరు అనబోయి ఆగిపోయాను.

ఇంటి లెక్కలో కడుపులో ఉన్న కాలం కలిపి బిడ్డ ఏడాది వయసుతోనే పుడుతుంది. ఆపైన కొత్త ఏడు మొదలయ్యే ప్రతి టెట్ పండుగకీ ఒకటి పెరుగుతుంది. నేను పుట్టిన పదో రోజే టెట్. పది రోజుల పిల్లకు రెండేళ్లు.

వెలుగు పండుగలు లెక్కపెట్టదు.

మార్చి 19

బడికి వెళ్లి, తప్పు పిల్లది కాదు, నాది అని చెప్పాను. ఈ మాట ఇదివరకెప్పుడూ అన్నట్టు గుర్తు లేదు. మాస్టారు నవ్వారు. బడి రికార్డులో ఉన్న నా పుట్టిన తేదీని బట్టి లెక్క కట్టారట. మా అమ్మా అంతేనండీ, అయినా పిల్ల మీ పుట్టిన తేదీ అడగాలి కదా అన్నారు. అప్పటికప్పుడు ఖ్వేకి ఇంకో లెక్క ఇచ్చారు. బయట నిలబడి గడియారం చూశాను. పద్నాలుగు నిమిషాల్లో చేసేసింది.

జాబితాలో నాలుగో పేరు ఖ్వే.

దారిలో అంటోంది, రైళ్లను ఒక్క నిమిషం తప్పనివ్వని మనిషి సొంత వయసును రెండేళ్లు ముందు నడిపించారట. నోరు మూసుకుని నడవమన్నాను. అటు తిరిగి నవ్వుకున్నాను.

మార్చి 21. ఉదయం 5:10

ఇవాళ పేర్లు వెళ్తాయి. నా పుస్తకంలో ఆ 1.89 × 10¹³ ఇంకా మిగిలే ఉంది. సగం పండుగది. మిగతా సగం అమ్మ నన్ను కడుపులో మోసినది. అక్కడ వెలుగు లేదు.

ఆ నెలల్లో నన్ను మోస్తూ అమ్మ ఎంత వేగంతో నడిచిందో నాకు తెలియదు. దూరం గడి ఖాళీగా వదిలాను.