నువ్వు తీసిపెట్టిన బియ్యం

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఎసట్లో బియ్యం పోసేముందు "ఇది ప్రభువుది" అంటూ ఒక పిడికెడు తీసి చర్చి డబ్బాలో వేసేదానివి కదా, నువ్వు చివరిసారి నింపిన ఆ డబ్బా ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది. పురుగు పడితే చెరిగి, ఎండబెట్టి, మళ్ళీ అందులోనే పోశాను.

పోయిన నెల మాదాపూర్‌లో కడుతున్న కంప్యూటర్ల మేడ మీంచి పడి, పక్కింటి యాదమ్మ మొగుడు చనిపోయాడు. కుళాయి దగ్గర గొడవైనప్పటి నుంచి నీతో మాట్లాడలేదే, ఆ యాదమ్మే. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. ఇవాళ ఆమె పొయ్యి వెలగలేదు. "పక్కింటి పొయ్యి వెలగనప్పుడు ఈ బియ్యం చర్చిదాకా మోయకు" అనేదానివి. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు.

డబ్బా చూసి యాదమ్మ మొహం తిప్పుకుంది.

"మీ అమ్మను మట్టి చేసేటప్పుడు గూడ నేను రాలె బిడ్డా. ఆమె బియ్యం ఎట్ల తినాలె?"

"అమ్మే ఇమ్మంది పిన్నీ" అన్నాను.

చివరికి కొంగు పట్టింది. అడుగు గింజ దాకా వంపేశాను.

నువ్వుంటే సంతోషించేదానివి. నాకు సంతోషం రాలేదు. నీ చెయ్యి తగిలిన గింజ ఇంట్లో ఇంకొక్కటి లేదు.

ఇందాక ఎసరు పెట్టి ఒక పిడికెడు తీశాను. ఖాళీ అయిన నీ డబ్బాలో వేస్తే ఇక అది నా డబ్బా అయిపోతుందని, పిడికిలి మూసుకుని అక్కడే నిలబడిపోయానమ్మా.