ఇరవై రెండు పికోఫారడ్లు

మార్చి 4

డిలే మాడ్యూల్‌కి మొదటిసారి పవర్ ఇచ్చాను. పొగ రాలేదు. సౌండూ రాలేదు.

మూడు నెలల పని. డిజైన్ నాది. బావ రిపేరు షాపులో వెనక బెంచీ మీద, కస్టమర్ల యాంప్లిఫయర్లు అయిపోగా మిగిలిన వేళల్లో చేశాను. చేయించుకుంటున్నది తీగలావిడ. ఆవిడకీ ఒక పేరుంది కానీ, పెట్టెనిండా రంగురంగుల తీగలు గుచ్చి సింథసైజర్ వాయిస్తుంది కాబట్టి షాపులో అందరికీ తీగలావిడే. ఆవిడ అడిగినవాటికి జవాబులు చెప్పేదీ నేనే. ఇరవయ్యో తారీకున ఆవిడ కచేరీ.

ఈ మాడ్యూల్ చెయ్యాల్సింది ఒక్కటే. లోపలికెళ్ళిన స్వరం కాసేపాగి మళ్ళీ మళ్ళీ బయటికి రావాలి. చిప్పులో వెయ్యి బుల్లి బకెట్లున్నాయి. ఎక్కడో నిప్పంటుకుంటే జనం వరసగా నిలబడి నీళ్ళు చేతులు మార్చుకున్నట్టు, సౌండు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతూ ఆలస్యంగా చివరికి చేరుతుంది. మార్చండి, మార్చండి అని తొందరపెట్టేది క్లాక్.

నా వరసలో ఎవడో నిద్రపోతున్నాడు.

మార్చి 5

ఏం ఇంజనీరుగారూ, మీ పాపాయికి ఇంకా మాటలు రాలేదా అన్నాడు బావ. ఇద్దరు కస్టమర్ల ముందు.

ప్యానెల్ మీద నా పేరుండాలని అడిగేశాను. నవ్వాడు. పద్దెనిమిదో తారీకుకల్లా పనిచేయించు, నీ పేరే వేయిద్దాం, లేదంటే షాపు పేరు, సరేనా అన్నాడు. సరే అన్నాను. షాపు పేరంటే బావ పేరే.

అక్క బట్టలు మడతపెడుతూ, పేరుదేముందే, పని నేర్చుకుంటున్నావా లేదా, ఆయన చోటిచ్చాడుగా అంది. ఇచ్చాడు, కాదనను. కాలేజీ అయ్యాక రెండు ఉద్యోగాలు మానేసొచ్చిన దాన్ని. ఇంట్లో ఒక మంచం, షాపులో ఒక బెంచీ. రెండూ వెనకవైపే.

మార్చి 7

చిప్పు మార్చాను. అదే మౌనం.

మార్చి 8

ఇంకో చిప్పు. తప్పు చిప్పులది కాదు. నాదే.

మార్చి 10, ఉదయం 11

మాట్లాడింది!

క్లాక్ ఎలా ఉందో తెరమీద చూద్దామని స్కోప్ ప్రోబుని, అంటే దాని కొలత తీగని, ఆ పిన్నుకి తగిలించాను. పనిలో పనిగా మైకులో దగ్గాను. నా దగ్గు నాకు తిరిగొచ్చింది. ప్రోబు తీశాను, పోయింది. పెట్టాను, వచ్చింది. పదకొండుసార్లు చూశాను.

ఎవరో ఒకరు చూస్తుంటేనే పనిచేస్తుంది. చూపు తిప్పుకుంటే పడుకుంటుంది. ఇలాంటి మనుషులు నాకు బోలెడుమంది తెలుసు.

పవర్ ఉండగా ప్రోబు తీసినందుకు బావ అరిచాడు. ఎప్పుడో ఆయన చేతిలో క్లిప్ జారి పక్క పిన్నుకి తగిలి, దొరక్క దొరక్క దొరికిన చిప్పు మాడిపోయిందట. అప్పట్నుంచి షాపులో అదే మొదటి రూలు. ముందు స్విచ్ ఆపాలి, తర్వాతే ప్రోబు తియ్యాలి.

మార్చి 13

దొరికింది. క్లాక్ మరీ వేగంగా పరిగెడుతోంది. బకెట్లు అందుకోలేక ఒలకబోసుకుంటున్నాయి. ప్రోబుకి కూడా కాస్త కెపాసిటన్స్, అంటే ఛార్జిని పట్టి ఉంచే గుణం, ఉంటుంది. అది తగలగానే క్లాక్ నెమ్మదిస్తోంది. అంతే. మూడు నెలల పనికీ చెత్తబుట్టకీ మధ్య అడ్డం ఇరవై రెండు పికోఫారడ్ల కెపాసిటర్. పప్పుబద్దంత ఉంటుంది.

బోర్డు వెనకవైపు సోల్డర్ చేశాను. ప్రోబు లేకుండా, ఎవరూ చూడకుండా, మైకులో నా పేరు చెప్పాను. ఆరుసార్లు వినిపించింది, చిన్నదవుతూ, చిన్నదవుతూ.

ఇంకా ఐదు రోజులున్నాయి. బావకి చెప్పాను. భేష్ అన్నాడు, తలెత్తకుండా. తప్పెక్కడుందో అడగలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి 16

తీగలావిడ చూడ్డానికొచ్చింది. బోర్డు తిప్పి అతుకులు చూసి, ఇంత శుభ్రంగా ఉంది, ఎవరి చెయ్యండీ ఇది అంది. ఆడపిల్లల చేతికి సోల్డరింగ్ బాగా కుదురుతుందండీ, డిజైన్ సంగతంటారా, అది మనం చూసుకోవాల్సిందే అన్నాడు బావ.

నేనక్కడే ఉన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ నావైపు చూసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఇంటిపేరేమిటమ్మా అని అడిగింది. మర్యాదకి.

మార్చి 19

ప్యానెల్ ఇంకా రాలేదు. ప్రింటింగ్ షాపుకి ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం పంపేస్తాం, మూడో తారీకున మీ బావగారు పంపిన డిజైనే కదా, మార్పులేం లేవుగా అన్నాడు అక్కడతను. ఒకసారి చూపించమన్నాను. పంపాడు. పైన షాపు పేరు. కింద, డిజైన్ అని రాసి, బావ పేరు.

మూడో తారీకు. నాతో పందెం వేసింది ఐదున.

అక్కని అడిగాను. అక్కకి తెలుసట. నువ్వు బాధపడతావని చెప్పలేదే అంది.

మార్చి 20, మధ్యాహ్నం 3

ప్యానెల్ వచ్చింది. నాలుగు స్క్రూలూ నేనే బిగించాను. తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, వెనకనున్న పప్పుబద్దని ఊడదీశాను. రెండు సెకన్లు పట్టింది.

బావ చెక్ చేశాడు. ఎప్పట్లాగే ముందు క్లాక్ పిన్నుకి ప్రోబు క్లిప్ తగిలించాడు. మైకుని వేలితో తట్టాడు. టక్, టక్, టక్, టక్. గుండె ఎలా కొట్టుకుంటోందో చూడు అని స్కోప్ చూపించాడు. స్విచ్ ఆపాడు. తర్వాతే ప్రోబు తీశాడు. ఎంత క్రమశిక్షణ!

4.30

తీగలావిడ ఫోన్. సౌండ్ చెక్ అయిపోయిందట, నేరుగా స్టేజి మీదికే తెచ్చెయ్యమంది. ఫోన్ బావకివ్వమంటుందనుకున్నాను. నన్నే అడిగింది, పనిచేస్తుందిగా అమ్మా అని.

బావ చూశాడండీ అన్నాను.

అబద్ధం కాదు.

మార్చి 21

నిన్న రాత్రి కచేరీ. చిన్న హాలు. నూట యాభై కుర్చీలు. బావ, అక్క ముందు వరసలో. బావ ఇస్త్రీ చొక్కాలో. నేను గోడవారగా, చిట్టచివర.

ఆఖరి అంశం ముందు ఆవిడ మైకు అందుకుంది. దీన్ని కొత్తగా చేయించుకున్నాను అంది. బావ కుర్చీలో సర్దుకున్నాడు. ప్యానెల్ మీద ఎవరిదో పేరుంది, కానీ మూడు నెలలుగా నేనడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పిందెవరో నాకు తెలుసు అంది. నా పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. వెనకాల ఉంది, లేమ్మా, నిన్నందరూ చూడాలి అంది.

లేచాను. చప్పట్లు. బావ వెనక్కి తిరిగాడు. అక్క కూడా. అక్క కళ్ళనిండా నీళ్ళు.

ఆవిడ తీగ గుచ్చి ఒక స్వరం నొక్కింది.

ఒక్కసారే వినిపించింది.

నాబ్ తిప్పింది. ఇంకో తీగ మార్చింది. మళ్ళీ నొక్కింది. ఒక్కసారే. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. నేనింకా నిలబడే ఉన్నాను.

మార్చి 23

బావ పల్లెత్తు మాట అనలేదు. వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఓపిగ్గా చెబుతున్నాడు. డిజైన్ అంతా మా మరదలిదేనండీ, నేను వేలు కూడా పెట్టలేదు అని.

తీగలావిడ మెసేజ్ పెట్టింది. దిగులు పడకమ్మా, మొదటిసారి ఎవరికైనా ఇంతే, మళ్ళీ చెయ్యి, మళ్ళీ తీసుకుంటాను అని. పొద్దున్నే వచ్చింది, మూడు రోజులైనట్టుంది. జవాబివ్వలేదు.

మార్చి 26

ఈ పేజీకి టేపుతో అంటించింది: సిరామిక్ కెపాసిటర్, 22 పికోఫారడ్లు. ఒకటి.

కొలిచాను. బాగానే ఉంది.