మొదటి కేసు

గోదావరిఖని,
ఆదివారం

తమ్ముడు జాన్ ప్రసాద్‌కు అన్న దీవెనలు.

నీ పెరోల్ దరఖాస్తు తిరిగి వచ్చింది. ఎందుకు ఇవ్వరని జైలు ఆఫీసులో అడిగాను. "రెండోసారి పడ్డోడు గద సార్. పాత కేసు లేకుంటె గిట్ల ఆపకపోదురు," అన్నాడు గుమాస్తా. ఆ పాత కేసు ఎవరిదో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

గని స్టోరు నుంచి రాగి తీగ దాటించింది నేను. ఆ తీగ సంచి మన ఇంట్లో పోలీసులకు దొరికిన రోజు, నాది పర్మినెంటు నౌకరీ అని, నీకు పోయేదేమీ లేదని నేనే అన్నాను. "ఆర్నెల్లే గద అన్నా, తిని పండుకుంట," అని నవ్వుతూ జీపెక్కావు. ఆ ఆరు నెలలతో అది తీరిపోయిందనుకున్నాను. తర్వాత మంచిర్యాలలో నువ్వు ఇంటి తాళం పగలగొట్టిన కేసులో, జడ్జి ఆ పాత శిక్షను కూడా లెక్కలోకి తీసుకుని ఐదేళ్లు వేశాడు. నేను వెనక బెంచీలోనే ఉన్నాను. లేవలేదు. అప్పటికి నాకు మూడేళ్ల సర్వీసు మిగిలి ఉంది.

మొన్న రిటైరయ్యాను. శాలువా కప్పారు. "ఒక్కడన్న నా పరువు నిలబెట్టిండు," అని అమ్మ పక్కింటి మల్లక్కతో అంది. నేను విననట్టు లోపలికి పోయాను.

ఇప్పుడు వకీలుకు అంతా రాసిస్తాను. ఏమైనా కానీ. ఒక్కటే అడుగుతున్నాను, అమ్మకు మాత్రం తెలియనివ్వకు.

నీకు మొహం చూపలేని
శాంతిరాజ్


జైలు నుంచి,
శుక్రవారం

అన్నా,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను.

ఇక్కడికి వచ్చే వకీలును అడిగాను. నా నోటితో నేను ఒప్పుకున్న కేసు, శిక్ష కూడా అయిపోయింది. ఇప్పుడు దాన్ని విప్పాలంటే ఏళ్లు పడతాయట. అంతలో నేనే బయటికి వస్తాను. రెండోది నేను చేసిందే. అది నీమీద వేయను.

పెరోల్ అడిగింది అమ్మను చూడటానికే. మూడేళ్లలో ఆమె ఒక్క ములాఖత్‌కూ రాలేదు. "ఒక్కసారైతె తెల్వక చేసిండు అనుకుందు. రెండోసారి గూడనా? ఆని మొహం సూడ," అన్నదట. ఆ మాట నాకు మోసుకొచ్చింది నువ్వే అన్నా.

వకీలుకు కాగితం వద్దు. అమ్మకు చెప్పు. చెప్పాక కూడా రానంటే బలవంతం చేయకు. అప్పుడు ఆమె రాకపోవడం నేను నిజంగా చేసినదానికే అనుకుంటాను.

నీ తమ్ముడు
జాన్ ప్రసాద్