తొమ్మిదో తరగతి పిల్లల అర్జీ

చౌటుప్పల్,
శనివారం

నాయినకు నీ పెద్దబిడ్డ సువార్త వందనాలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ, అవ్వ బాగున్నారా? కంది కోత అయిపోయిందని చెల్లె ఫోన్‌లో చెప్పింది. నేను బాగానే ఉన్నాను. బడి హాస్టల్లోనే గది ఇచ్చారు. అన్నం వేళకు పెడతారు, జొన్నరొట్టె మాత్రం దొరకదు. సాయంత్రమైతే కంపెనీల వైపు నుంచి ఘాటు వాసన వస్తుంది, అలవాటైపోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక్కదాన్నే అనిపిస్తుంది. అంతే, ఫికర్ చేయకు.

ఒక సంగతి ఫోన్‌లో చెప్పే ధైర్యం రాక రాస్తున్నాను. చెల్లెతో చదివించుకో.

మాది క్రైస్తవుల బడి కదా, క్రిస్మస్‌కు పిల్లలతో పేదలకు ఏదో ఒకటి పంచిపెట్టిస్తారు. ఈసారి నా తొమ్మిదో తరగతి పిల్లలు బడి వెనుక ఇటుక బట్టీకి పోదామన్నారు. అక్కడ ఒడిశా నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. బిస్కెట్లు, పాత బట్టలు పంచాం, ఫోటోలు దిగాం. మాలతి అని పన్నెండేళ్ల పిల్ల, ఇచ్చిన ఫ్రాకు పక్కన పెట్టి, మళ్లీ వంగి పచ్చి ఇటుకలు తిప్పసాగింది.

తిరిగి వస్తుంటే నా క్లాసు అమ్మాయి ప్రసన్న అడిగింది.

“టీచర్, మనం ఇచ్చినం, వచ్చినం. గామె గాడ్నే ఇటుకలు తిప్పుతాంది. గామె బడికెందుకు రాదు?”

“వాళ్ల నాయినోళ్లకు చదువంటే ఇష్టం లేదేమో” అంది ఇంకో పిల్ల.

ఆ మాటకు ఊరుకోలేకపోయాను నాయినా. మనం కూడా వలస కూలీలమేనని చెప్పేశాను. నువ్వూ అమ్మా కాలువ పనుల్లో మట్టి మోస్తుంటే నేను గుడారంలో చెల్లెను ఎత్తుకుని కూర్చునేదాన్నని, పదేళ్లు వచ్చేదాకా పలక పట్టలేదని చెప్పాను. “ఎవ్వరికీ చెప్పకు బిడ్డా, చిన్నచూపు చూస్తరు” అని నువ్వు అన్నది గుర్తుంది. పిల్లలు అట్లా చూడలేదు.

“మరి మిమ్ముల బడికి ఎవలు తోలిండ్రు టీచర్?” అంది ప్రసన్న.

“పనికాడికి ఒక సారు వచ్చి మా నాయినతోని కొట్లాడిండు” అన్నాను.

రెండు రోజులకు పిల్లలే మండల విద్యాధికారికి అర్జీ రాశారు. బట్టీ దగ్గర ఒడియాలో చదువు చెప్పే బడి పెట్టాలని అడిగి, క్లాసంతా సంతకాలు చేశారు. అది తెలిసి మా కరస్పాండెంట్ గారు నన్ను పిలిపించారు. బడి ప్రహరీకి ఇటుకలు ఊరికే ఇచ్చింది ఆ బట్టీ యజమానేనట.

“సేవ చేయమన్నం గానీ గీ అర్జీలేందమ్మా? నౌకరీ వద్దనుకుంటున్నవా?” అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ప్రసన్న, ఇంకో నలుగురు తలుపు దగ్గరికి వచ్చారు.

“టీచర్ రాయమనలే సార్, మేమే రాసినం. పొరుగోళ్లను మనలెక్కనే చూడాలని పొద్దుగాల ప్రార్థనల మీరే చెప్తరు గద. బట్టీ మన గోడకు ఆనుకొనే ఉంది సార్” అంది ప్రసన్న.

ఆయన “క్లాసుకు పోండ్రి” అన్నారు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోమనలేదు.

అధికారి రెండుసార్లు వచ్చి చూశాడు. యజమాని సణుక్కుంటూనే ఒక రేకుల షెడ్డు వదిలాడు. కూలీల్లోనే పది చదివిన ఒకామె పాఠాలు చెబుతోంది. మాలతి మధ్యాహ్నం నుంచే వస్తుంది. పొద్దున పని మాననివ్వరు. మా పిల్లలకు అది నచ్చలేదు, ఇంకో అర్జీ రాస్తున్నారు. వచ్చే ఏడు నా ఉద్యోగం ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. దానికి కూడా ఫికర్ చేయకు, ఎక్కడైనా పాఠం చెప్పుకోగలను.

ఊరి నుంచి ఎవరైనా ఇటు వస్తే జొన్నపిండి పంపమని అమ్మకు చెప్పు. అవ్వకు నా వందనాలు. మాలతి కోసం ప్రార్థన చేయండి, నన్ను దీవించండి.

ఇంకొక్కటి. పిల్లలు నిన్ను చూడాలంటున్నారు. మోకాలు కుదుటపడ్డాక బస్సెక్కు, స్టాండుకు నేనే వస్తాను. క్లాసులో ఊరికే కూర్చుంటే కుదరదు నాయినా, కాలువ ఎట్లా తవ్విందీ నీ నోటితో నువ్వే చెప్పాలి.

నీ బిడ్డ,
సువార్త